శోథా, శోధా?

తెనాలి: అమరకోశం (సంస్కృత నిఘంటువు), మనుష్యవర్గం. వాపుకి పేర్లు చెప్పేచోట "శోఫస్తు శ్వయథుః" దాకా వస్తోంది, ఆ తర్వాతి మాట శోథమో శోధమో తేలక రెండ్రోజులుగా నలుగుతున్నాను. అమ్మ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి జెఫిటినిబ్ మాత్ర వేసుకుంటోంది. మోకాళ్ల కింద కందిగింజలంత ఎర్రమచ్చలు లేచాయి. ముక్క తీసి పరీక్షిస్తే వాస్క్యులైటిస్ అన్నారు. "రక్తనాళాల వాపు" అని చెప్పాను. కాళ్లు చూసుకుని "వాపేదిరా?" అంది. అందుకే ఇంకో మాట వెతుకుతున్నాను.

రాజమండ్రి: శోఫస్తు శ్వయథుః శోథః పాదస్ఫోటో విపాదికా. థయే. ధ పెడితే వెతుకులాటో, శుద్ధో అవుతుంది.

వరంగల్: శ్వయథువే సాక్ష్యం. "ట్వితోఽథుచ్" అనే పాణిని సూత్రంతో అథుచ్ ప్రత్యయం చేరి వచ్చిన మాట అది. గీతలో "వేపథుశ్చ శరీరే మే" కూడా అదే ప్రత్యయం.

రాజమండ్రి: మాస్టారూ, అథుచ్ శ్వయథువుకే. శోథకు అది అతకదు.

విశాఖ: నేను వార్డులో నర్సుని. శోథ బాగుంది గానీ "నరాల వాపు" అని మాత్రం అనకండి, తిమ్మిర్ల జబ్బనుకుంటారు. సూది పెట్టేటప్పుడు "నరం దొరకట్లేదు" అనేది సిర గురించే అయినా సరే. ఇక్కడ తెల్లకణాలు సన్నటి నాళాల గోడల్లోకి చొరబడి చితుకుతాయి, గోడ దెబ్బతిని నెత్తురు చర్మంలోకి చిమ్ముతుంది. అందుకే గాజుగ్లాసుతో అదిమినా ఆ ఎరుపు పోదు. ఈ మాత్రకి మొటిమల్లాంటి పొక్కులు మామూలే, ఇది అరుదు. మూత్రపరీక్ష చేయించారా? కిడ్నీలకి పాకిందేమో చూడాలి.

తెనాలి: చేశారమ్మా, బాగానే ఉంది. డాక్టరుగారు మాత్ర ఆపించి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు.

రాజమండ్రి: సంతోషం. ఈ థ గతి చూస్తే బాధేస్తుంది. పోతన్నగారి "వేఱొండు గాథ పలుకఁగ నేలా"ని "గాధ" అని టైపు చేసి పంపుతున్నారు. గాధమంటే కాళ్లకందే లోతు. రామభద్రుడు పలికించిన పద్యాన్ని మోకాటిలోతు నీళ్లలో దింపుతామా?

వరంగల్: ఆ "పలికెద"లో ఎంత నమ్మకం! చిన్నప్పుడు మా నాన్న అక్కడే గొంతు పెంచేవారు.

ఒంగోలు: అమ్మగారికి శోథ ఎందుకన్నా? "లోపల నాళాలు కమిలాయి" అనండి.

రాజమండ్రి: కమలడం దెబ్బకీ, ఎండకీ. ఇక్కడ కందడం.

ఒంగోలు: మా వైపు కందేది పసిపిల్లల బుగ్గ.

తెనాలి: "కమిలాయమ్మా" అన్నాను. తలూపింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే కాఫీ తాగిన గ్లాసు కడిగి పిక్కకి ఆనించి చూసుకుంటోంది. ఇవాళ రెండు మచ్చలు గోధుమరంగుకి తిరిగాయి.

వరంగల్: మంచి మాట చెప్పారు. అయినా శోథకు ఆ థ ఎలా వచ్చిందో రాజమండ్రివారు ఇంకా చెప్పలేదు.