పాత మియాటా ఇంజన్ విప్పినప్పుడే టర్బో అమర్చుకోవచ్చా?

ఆస్టిన్_మియాటా: నా 1990 మాజ్డా మియాటా కారు ఇంజన్ బోరుకు వచ్చింది, అంటే అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిపించాలి. 1.6 లీటర్ల ఆ ఇంజన్‌ను ఎలాగూ పూర్తిగా విప్పుతున్నాను కనుక, ఇదే అదనుగా ఏడు పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఏడు పౌండ్ల) ఒత్తిడితో ఇంజన్‌లోకి అదనపు గాలిని నెట్టే చిన్న టర్బో అమర్చుకోవాలని ఉంది. కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందన్న లెక్క) 9.4 ఉంది; దాన్ని తగ్గించాలా? ఏ సైజు టర్బో తీసుకోవాలి? లోపలికి వెళ్లే గాలిని కొలిచే, కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫ్లో మీటరునే ఉంచుకోవచ్చా?

ఎన్‌జే_గ్యారేజ్: టర్బో సైజు సంగతి తర్వాత, ముందు పిస్టన్ రింగుల గ్యాప్, అంటే రింగు రెండు కొనల మధ్య సందు, చూసుకోండి. టర్బో పెడతానని రెండుసార్లు చెప్పినా, నా ఇంజన్ చేసిన మెషిన్ షాపువారు మామూలు ఇంజన్‌కు వదిలే 0.20 మిల్లీమీటర్ల గ్యాపే వదిలారు. టర్బో వేడికి రింగు సాగి, దాని రెండు కొనలూ ఒకదానినొకటి తోసుకుని, 1,100 మైళ్లకే మూడో పిస్టన్ అంచు విరిగింది. విప్పి చూస్తే రింగంతా మసిబారి ఉంది, కొనలు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి. మీ 78 మిల్లీమీటర్ల బోరుకు పై రింగు గ్యాప్ సుమారు 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. రింగును బోరులో పెట్టి, పిస్టన్‌తో ఒక అంగుళం లోపలికి నెట్టి, ఫీలర్ గేజీతో (సందులు కొలిచే సన్నని రేకులతో) మీరే కొలవండి. కొలిచామని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఆటోనగర్_బెజవాడ: విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి షెడ్డులో లారీ టర్బోలు విప్పుతూ పెరిగినవాడిని. కంప్రెషన్ తగ్గించి తీరాలి. ఇంజన్ బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య మందపాటి హెడ్ గ్యాస్కెట్ వేస్తే పని అయిపోతుంది, పిస్టన్లు మార్చే ఖర్చు మిగులుతుంది.

మిషిగన్_కాలిబ్రేషన్: దయచేసి ఆ సలహా పాటించవద్దు. ఇరవై రెండేళ్లుగా డెట్రాయిట్ దగ్గర పెట్రోల్ టర్బో ఇంజన్లను ట్యూన్ చేయడమే నా ఉద్యోగం. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్‌కూ మధ్య మిగిలే సన్నని సందు, గాలి పెట్రోలు మిశ్రమాన్ని ప్లగ్గు వైపు బలంగా చిమ్ముతుంది. గ్యాస్కెట్ మందం పెంచితే ఆ సందు పెరిగి, మంట నెమ్మదించి, నాకింగ్ (మిశ్రమం దానంతట అదే పేలడం) తగ్గించబోయి పెంచుకున్నవాళ్లమవుతాము. ఏడు పీఎస్‌ఐకి 9.4తో ఇబ్బంది లేదు. 25 డిగ్రీల గాలి టర్బో దాటేసరికి సుమారు 75 డిగ్రీలకు చేరుతుంది కనుక ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తప్పనిసరి. 93 ఆక్టేన్ పెట్రోలు పోసి, బూస్ట్ (టర్బో ఒత్తిడి) పెరిగేకొద్దీ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరపాలి, అంటే ప్లగ్గు నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడాలి.

ఆటోనగర్_బెజవాడ: నాన్నగారు ముప్పై ఏళ్లలో ఒక్క టర్బో ఇంజన్‌ను కూడా పాడు చేయలేదు. కంప్యూటరు ముందు కూర్చుని చేసిన పనికీ, చేతికి గ్రీజు అంటించుకుని చేసిన పనికీ తేడా ఉంటుంది.

మిషిగన్_కాలిబ్రేషన్: మీ నాన్నగారి పనితనాన్ని నేను ప్రశ్నించడం లేదు. కానీ ఆయన చేసినవి డీజిల్ ఇంజన్లు. డీజిల్‌లో పీల్చేది గాలి మాత్రమే, కనుక గాలి ఎక్కువైతే మంట చల్లబడుతుందే తప్ప నష్టం లేదు. పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనం గాలితో కలిసే లోపలికి వస్తుంది కనుక, ఒత్తిడీ వేడీ హద్దు దాటితే మంట చేరకముందే మిశ్రమం దానంతట అదే పేలుతుంది. 1990 మియాటాలో నాకింగ్‌ను పసిగట్టే సెన్సరు కూడా లేదు. తప్పు జరిగిందని పిస్టన్ పగిలాకే తెలుస్తుంది. గాలి దారిలో తలుపులా అడ్డుపడే ఆ మీటరును తీసేసి, ప్రోగ్రామ్ చేయగల ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు), పెద్ద ఇంజెక్టర్లు పెట్టుకోండి.

ఆటోనగర్_బెజవాడ: మందపాటి గ్యాస్కెట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పనివాళ్లను తక్కువ చేసి మాట్లాడితే మాత్రం ఊరుకోను.

ఫ్రీమాంట్_వాసి: టెక్సస్‌లో ఉన్న మీరు అదృష్టవంతులు. మా కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకు, మరీ కొత్తవి మినహా, పొగ పరీక్ష ఉంది, టర్బో కిట్‌కు ఆ మోడల్‌కు వర్తించే అనుమతి నంబరు లేకపోతే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా పాస్ చేయరు. పదకొండు నెలలు కూడబెట్టి కొన్న కిట్‌ను ఒక్క ఆదివారంలో విప్పేయాల్సి వచ్చింది.

హ్యూస్టన్_నీలిపొగ: ఆయిల్ తిరిగి దిగే గొట్టం గురించి ఎవరూ చెప్పలేదేమిటి? టర్బోలోకి వెళ్లిన ఆయిల్, పంపు ఒత్తిడితో తిరిగి రాదు, బరువుతో కిందికి జారాలి. నేను గొట్టాన్ని వంపు తిప్పి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఆయిల్ మట్టానికి దిగువన కలిపాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నీలిపొగ వచ్చేది. టర్బో సీళ్లు పోయాయనుకుని రెండుసార్లు మార్పించాను, తప్పు గొట్టానిదే. చాంబర్ ఇప్పుడు చేతిలోనే ఉంది కదా, మట్టానికి పైభాగాన రంధ్రం చేసి, ఇనుప రజను పోయేదాకా కడిగి బిగించండి. ఇంజన్ కారులోకి ఎక్కాక ఆ పని నరకం.

ఆస్టిన్_మియాటా: కంప్రెషన్ ముట్టుకోను, రింగులు నేనే కొలుస్తాను. టర్బో సైజు?

ఎన్‌జే_గ్యారేజ్: దానికంటే ముందు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) పుల్లీ చూశారా? 1990 నుంచి 1991 మధ్యదాకా వచ్చిన ఇంజన్లలో పుల్లీ బిగించే క్రాంక్ ముక్కు పొట్టిది. అక్కడ పుల్లీ జారకుండా పట్టి ఉంచే కీ అరిగి పుల్లీ ఊగితే, కొత్త బోరూ కొత్త రింగులూ అన్నీ వృథా. పుల్లీకి నాలుగు గాడులుంటే పొట్టిది, ఎనిమిదుంటే పొడుగుది.

ఆస్టిన్_మియాటా: ఇప్పుడే టార్చి వేసి చూశాను. నాలుగే ఉన్నాయి. పుల్లీని చేత్తో పట్టి కదిలిస్తే ఊగుతోంది కూడా. టర్బో డబ్బు ముందు క్రాంక్‌కు పెట్టక తప్పదు. పొడుగు ముక్కు క్రాంక్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, డాలస్ దాకానైనా వచ్చి తీసుకుంటాను.