నాన్న నడిపే మిర్చి కమీషన్ దుకాణంలోకి నేను రావాలా? వస్తే ముందు ఏది మార్చాలి?

యార్డు పిల్లాడు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మిర్చి యార్డులో నాన్నకు 31 ఏళ్లుగా కమీషన్ దుకాణం ఉంది. రైతులు తెచ్చిన కాయ అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాం, పంటకి పెట్టుబడి అప్పు కూడా ఇస్తాం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను, ఏడేళ్లయింది. దసరాకి ఇంటికొచ్చినప్పుడు భోజనాల దగ్గర నాన్న అడిగారు: "పక్క దుకాణం వాళ్లు మన రైతుల్ని తీసుకుంటామంటున్నారు. ఇచ్చేయమంటావా, నువ్వొస్తావా?" సంక్రాంతి దాటితే కొత్త కాయ దిగుతుంది. ఈ రెండు నెలల్లో తేల్చాలి.

నాకు రావాలనే ఉంది. ఇప్పుడున్న పద్ధతిలో మాత్రం ఉండలేను. ఎర్ర అట్ట చిట్టా పుస్తకాలు, తక్‌పట్టీల (అమ్మకం చీటీల) కట్టలు, ఏ రైతు బాకీ ఎంతో నాన్నకీ గుమస్తా గారికీ తప్ప ఎవరికీ తెలియదు. లెక్కంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి, కాటా అయిన రోజే రైతు ఫోన్‌కి చీటీ పంపాలని నా ఆలోచన. తూకం, ధర, హమాలీ, కమీషన్, బాకీలో పట్టుకున్నది, అన్నీ అందులో ఉండాలి.

నాన్న ఒకటే మాటన్నారు. "లెక్క చూపిస్తే వడ్డీ కనపడుద్ది. వడ్డీ కనపడితే రైతు పోతాడు."

ముందే అంతా బయటపెట్టాలా, ఒకట్రెండు సీజన్లు నాన్న దారిలో నడిచి తర్వాత మార్చాలా? ఈ వ్యాపారం తెలిసినవాళ్లు చెప్పండి.


పాత గుమస్తా:

బాబూ, నేను యార్డులో 26 ఏళ్లు చేశాను. నీ ప్రశ్నలో కంప్యూటర్ ఉంది, ఫోను ఉంది, కాయ లేదు. అందుకే చెబుతున్నా.

గోతం మూతి విప్పి గుప్పెడు కాయ తీసి విదిలిస్తే లోపల గింజ గలగలమనాలి. నలిపితే తోలులా వంగి ఊరుకుందంటే తేమ ఉన్నట్టే, అది ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెడితే నల్లబడుతుంది. తేజ రకానికి కారం ఘాటు, బ్యాడిగి రకానికి ముడతలు, రంగు. ఒకే రైతు తెచ్చిన ఒకే లాటులో పైన మేలు కాయ, అడుగున తాలు (రంగు పోయిన నాసి కాయ) ఉండొచ్చు. కావాలని కాదు, కల్లంలో కూలీలు ఏరడంలో తేడా. నీ దుకాణం ముందు 60 టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయనుకో. దాదాపు 25 క్వింటాళ్లు. నువ్వు కాయ చూడలేక కొనేవాడి మాటకు తల ఊపితే, క్వింటాకి 500 తేడా పడితే, రైతుకి పోయేది 12,500 రూపాయలు. ఎంత అందమైన చీటీ పంపినా ఆ డబ్బు తిరిగి రాదు.

రాత్రిపూట సరుకొస్తుంది. రైతు బస్తాల మీదే దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. మా యజమాని తెల్లారకముందే వచ్చి టీ ఇప్పించి, "రాత్రి దోమలు కుట్టాయా" అని అడిగేవారు. ఈ-నామ్ (కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ మార్కెట్) 2016లో వచ్చింది, ధరలు తెర మీదికి ఎక్కాయి. అయినా రైతు ఇప్పటికీ మనిషిని చూసి దుకాణానికి వస్తున్నాడు. ఒక సీజన్ కాయ ముందు నిలబడు. తర్వాత చిట్టా సంగతి చూద్దువు గాని.


వెనక్కి వెళ్లినవాడు:

తమ్ముడూ, నేను చెప్పేది నీకు నచ్చదు. రావద్దు.

మాకు గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీ ఉంది. నాన్న, ముగ్గురు బాబాయిలు భాగస్థులు. బెంగళూరు ఉద్యోగం మానేసి వచ్చాను. పాత గోడల నుంచి చల్లదనం కారిపోతోంది, కొత్త ప్యానెళ్లు వేయిస్తే కరెంటు బిల్లు తగ్గుతుందని లెక్క కట్టి చూపించాను. నలుగురూ మెచ్చుకున్నారు. నలుగురి సంతకాలు పడేసరికి రెండు సీజన్లు అయిపోయాయి, అప్పటికి ప్యానెళ్ల ధర మారిపోయింది. మళ్లీ మొదటికి. మూడేళ్లు చేసి వెళ్లిపోయాను. ఇప్పుడు నాన్నా నేనూ బాగా మాట్లాడుకుంటాం. అప్పుడు పండగకి కూడా ముభావంగా ఉండేవాళ్లం.

ఇంకో సంగతి. మధ్యలో ఉండేవాడి వ్యాపారం ఎటు పోతోందో చూడు. కొనేవాళ్లు ఊళ్లకీ ఏసీలకీ నేరుగా వెళ్తున్నారు. 2020లో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాలు 2021లో రద్దయ్యాయి, నిజమే. కానీ యార్డు బయట కొనుగోలు చట్టం కోసం ఆగలేదు. ధర సంగతా? 2025 ఫిబ్రవరిలో కాయ ఎంత పడిపోయిందంటే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు తేజ 20 వేలు దాటడం చూసిన రైతు అది. అలాంటి ఏడు మీ నాన్న ఇచ్చిన పెట్టుబడులు ఎంత వెనక్కొచ్చాయో అడిగావా? అడక్కుండా ఉద్యోగం మానకు.


వన్‌టౌన్ ఆడపడుచు:

విజయవాడ వన్‌టౌన్‌లో మాది బట్టల హోల్‌సేల్ కొట్టు. నాన్నతో కలిసి చేస్తున్నాను. పై అన్నయ్య చెప్పింది సగమే ఒప్పుకుంటాను. అధికారం లేనిచోట చేరకూడదన్నది నిజం. వ్యాపారం పోతుందని ఇంట్లో కూర్చోవడం వేరు.

నేను వచ్చింది 2017లో. జూలై 1న జీఎస్టీ మొదలైంది. మా కొట్లో నెలనెలా రిటర్ను వేయడం అదే మొదలు. అంతకు ముందు రెండేళ్లు నేను కంప్యూటర్ అంటే నాన్న "చూద్దాంలే" అనేవారు. ఆ జూలైలో ఆయనే పిలిచి కూర్చోబెట్టారు. నా మాట కంటే చట్టం మాటకి ఆయన తొందరగా లొంగారు, అందులో నాకు చిన్నతనం ఏమీ అనిపించలేదు. మీ నాన్నగారు కాదనలేని అవసరం ఏదో ఒకటి దుకాణంలో ఉండే ఉంటుంది. అక్కడ మొదలుపెట్టండి.

కానీ బ్యాంకు చెక్కు మీద సంతకం నాకు ఇవ్వడానికి ఆయనకి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ నేను కొట్లో పెద్ద గుమస్తానే. సూరత్ నుంచి ఫోన్ చేసినవాళ్లు "నాన్నగారికి ఇవ్వమ్మా" అనేవారు. కాబట్టి చేరే ముందే భాగస్వామ్య పత్రం రాయించుకోండి. నీ వాటా ఎంత, నెలకి ఎంత తీసుకుంటావు, ఎంత మొత్తం దాకా నాన్నని అడక్కుండా నిర్ణయించగలవు, కాగితం మీద ఉండాలి. తండ్రీకొడుకుల మధ్య కాగితం ఏమిటనే పెద్దలకి మర్యాదగానే చెప్పండి.

నీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా? ఆ ఊసే ఎత్తలేదు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. దుకాణం పెట్టుబడి నాన్న స్వార్జితమా, తాత పొలం అమ్మిన డబ్బా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడకుండా "నేను దుకాణంలోకి వస్తున్నా" అని చెప్పకండి. పదేళ్ల తర్వాత పండగలకి రాకపోకలు ఆగిపోతాయి.


పేట దగ్గర రైతు:

నేను చిలకలూరిపేట దగ్గర 5 ఎకరాలు మిరప వేస్తాను. అందులో 3 కౌలు. అందరూ దుకాణం వైపు నుంచే మాట్లాడుతున్నారు, సరుకు తెచ్చేవాణ్ణి నేను.

2021లో నల్ల తామర పురుగు వచ్చింది. పువ్వులో దూరి మొత్తం రాల్చింది. మందు మీద మందు కొట్టాం. బ్యాంకుకి పోతే కౌలు భూమికి కాగితం ఏదన్నారు. కౌలు కార్డుకి పొలం ఆసామి సంతకం పెట్టాలన్నారు, ఆయన పెట్టలేదు. ఆ రోజున రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే పొద్దున్నే డబ్బు పంపింది మా కమీషన్ దుకాణం ఆయనే. ఆ మేలు మర్చిపోను. మీ నాన్న కూడా అలాంటివాడే అయ్యుంటాడు.

అయితే ఒక మాట. ఆ బాకీ ఉన్నన్నాళ్లూ నా కాయ ఆ దుకాణానికే పోవాలి. పక్క దుకాణం ముందు 300 ఎక్కువ పలికినా నాకు దారి లేదు. మచ్చు పేరుతో తీసే కాయ ఎంతో అడగలేను. బాకీలో ఎంత పట్టారో సీజన్ అయ్యాక, మేలో యార్డుకి ఎండాకాలం సెలవులు ఇచ్చాక, దుకాణానికి పోయి కూర్చుంటే చెబుతారు. అప్పటికి మళ్లీ వచ్చే పంట పెట్టుబడి అడగాలి కదా, గట్టిగా ఎలా మాట్లాడతాను?

వడ్డీ కనపడితే రైతు పోతాడన్నారు మీ నాన్న. నూటికి రెండు రూపాయలని మాకు తెలియకనా అబ్బాయ్? ఏ తేదీ నుంచి పడుతోంది, కాయ అమ్మిన రోజున ఆగిందా, డబ్బు వచ్చిన రోజున ఆగిందా, అదే తెలియదు. చీటీలో ఆ తేదీలు రాయి. నేను పోను.


బ్రాడీపేట ఆడిటర్:

నాలుగు విషయాలు, తర్వాత మీ ఇష్టం.

పుస్తకంలో ఉన్న ప్రోనోట్ల తేదీలు చూడండి. 3 ఏళ్లు దాటి, ఆ లోపు జమ గానీ రాతపూర్వక ఒప్పుకోలు గానీ లేకపోతే కాలదోషం పట్టినట్టే. కోర్టులో పనికిరావు. వ్యాపారం విలువ కట్టేటప్పుడు చాలామంది వాటిని కూడా ఆస్తిలో కలిపేస్తారు.

అప్పు 20,000 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే నగదుగా తీసుకోకూడదు. ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను కట్టాల్సిన ఆదాయం లేకపోతేనే మినహాయింపు. మీ నాన్నగారికి కమీషన్ ఆదాయం ఉంది కాబట్టి వర్తించదు. జరిమానా పడేది తీసుకున్నవాడికి, అంటే రైతుకి. వాళ్ల మంచి కోసమైనా బ్యాంకు ద్వారా ఇవ్వండి.

చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఇంత శాతం లాభమని చూపించే సులువు పద్ధతి కమీషన్ ఆదాయానికి లేదు. పుస్తకాలు సరిగ్గా ఉండాల్సిందే.

దుకాణం నాన్నగారి ఒక్కరి పేరున ఉందా? ఆయన తర్వాత ఆ జీఎస్టీ నంబరు మీది కాదు, కొత్తది తీసుకోవాలి. ఇప్పుడే భాగస్వామ్యంగా మార్చుకోవడం తేలిక.


యార్డు పిల్లాడు:

పది రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. అందరూ రాసింది నాన్నకి చదివి వినిపించాను. రైతు గారు రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. ఏమీ అనలేదు. మర్నాడు బీరువాలోంచి చిట్టాలు తీసి మంచం మీద పెట్టారు.

మొత్తం 118 మంది రైతుల ఖాతాలు. 41 నోట్లకి కాలదోషం పట్టింది. అందులో ఇద్దరు చనిపోయారు, ఒకాయన ఇల్లాలు ఇప్పటికీ ఏటా రెండు టిక్కీలు పంపుతోంది, ఎవరూ అడక్కుండానే. ఆ పేజీ దగ్గర నాన్న కళ్లజోడు తీసేశారు.

తర్వాత నేను అసలు లెక్క కట్టాను. ఐదేళ్లలో వచ్చిన కమీషన్ ఒకవైపు, వడ్డీ ఒకవైపు. అద్దె, జీతాలు, యార్డు ఖర్చులు పోను కమీషన్‌లో మిగిలింది చాలా కొద్ది. మేము ఇల్లు కట్టుకున్నదీ, నేను చదువుకున్నదీ వడ్డీ డబ్బుతో. మాది కాయ అమ్మిపెట్టే దుకాణమని ఇన్నాళ్లూ అనుకున్నాను. నాన్న ఎందుకు భయపడ్డారో అప్పుడు అర్థమైంది. నేను చీటీ అంటే ఆయనకి దుకాణం పునాది తవ్వుతున్నట్టు వినిపించింది.

ఇద్దరం మూడు రాత్రులు వాదించుకున్నాం. తేలింది ఇది. జనవరి నుంచి వస్తాను, ఉద్యోగానికి సెలవు కాదు, రాజీనామానే. పత్రం రాయించుకుంటాం, అక్క కూడా కూర్చుంటుంది. వచ్చే సీజన్ నుంచి ఇచ్చే ప్రతి రూపాయీ బ్యాంకులోనే, తేదీలతో సహా రైతు ఫోన్‌కి. కాయ అమ్ముడైన రోజు నుంచి వడ్డీ ఆగిపోతుంది. బాకీ ఉన్నా, ముందు చెబితే పక్క దుకాణంలో అమ్ముకోవచ్చు, డబ్బు అక్కడి నుంచి మా ఖాతాకి వస్తే చాలు. ఈ ఆఖరిది నాన్న ఇంకా ఒప్పుకోలేదు. "ఒక్క ఏడు చూద్దాం" అన్నారు. 41 నోట్ల సంగతి కూడా తేలలేదు. కొట్టేద్దామని నేను, అడగకుండా ఉంచుదామని ఆయన.


పాత గుమస్తా:

బాబూ, పక్క దుకాణంలో అమ్ముకోనిస్తే ఆ డబ్బు నీ ఖాతాకి రాదు. 26 ఏళ్లు చూశాను. ధర పడిపోయిన ఏడు అసలే రాదు. ఆ ఒక్కటీ నాన్న మాట విను. నోట్ల విషయంలో కూడా ఆయనదే సరైన మాట. కొట్టేశావని తెలిస్తే కట్టేవాళ్లకి కూడా కష్టంగా ఉంటుంది. ఆ ఇల్లాలు పంపే రెండు టిక్కీలని ఏ లెక్కలో రాస్తావు?


వన్‌టౌన్ ఆడపడుచు:

గుమస్తా గారూ, మీ అనుభవానికి దండం పెడతాను, కానీ కట్టేసి ఉంచిన రైతు తెచ్చే సరుకుని నమ్మకం అని ఎలా అంటాం? మా దగ్గర అరువు కొట్లు కూడా అంతే అనేవారు. వదిలేశాక కొన్ని పోయాయి, నిజం. మిగిలినవి ఈ రోజుకీ ఉన్నాయి.


పేట దగ్గర రైతు:

మా కాయ ఫిబ్రవరి రెండో వారంలో వస్తుంది, 334 రకం. నాకు ఇంకో దుకాణంలో బాకీ ఉంది కాబట్టి అంతా నీ దగ్గరికి తేలేను. 20 టిక్కీలు తెస్తాను. దుకాణం నంబరు పంపు, నాన్నగారు ఎన్నింటికి వస్తారో కూడా.


యార్డు పిల్లాడు:

నాన్న నాలుగింటికే వస్తారండి. నేను కూడా ఉంటాను. నంబరు విడిగా పంపాను.