వెండి రూపాయి ఫోటోకి లైటు ఎలా పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది బరంపురం. తాతగారు దాచిన పాత నాణేలకి ఫోన్‌తో ఫోటోలు తీస్తున్నాను. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా రాగిది, కిటికీ వెలుగులోనే బాగా వస్తోంది. తంటా అంతా 1862 విక్టోరియా వెండి రూపాయితోనే. ఎల్‌ఈడీ బల్బు పక్కనుంచి వేస్తే రాణి చెంప మీద తెల్లటి మచ్చ పడి, దుస్తుల మీది నగిషీ కనబడటం లేదు. బటర్ పేపర్ అడ్డం పెడితే మచ్చ పోతుంది గానీ నాణెం చప్పగా, జీవం లేకుండా వస్తోంది. తోమి చూడమంటున్నారు కొందరు. అది మాత్రం చేయను, తోమితే విలువ పోతుంది.

నాణెం పైన గాజుపలకని 45 డిగ్రీల వాలులో పెట్టి, పక్కనుంచి వచ్చే వెలుగుని కిందికి మళ్లించే పద్ధతి ఉంది కదా, దానికి ఫోటోఫ్రేమ్ గాజు సరిపోతుందా? చేసినవాళ్లుంటే, లైటు ఎంత దూరంలో పెట్టారో కూడా దయచేసి చెప్పండి.