పెంజీకటి కవ్వల: ‘అవ్వల’ వేరు, ‘అతీతం’ వేరు

ప్రశ్న:

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్.

పోతన గజేంద్రమోక్షంలోని ఈ కందం మీద రెండు సందేహాలు. కొన్నిచోట్ల ‘నెవ్వఁడు / నేకాకృతి’ అని కనిపిస్తుంది. ఏ పాఠం మేలు? ‘ట్రాన్సెండెన్స్’కి తెలుగులో ‘అతీతత్వం’ అంటున్నాం కదా, ఇక్కడి ‘అవ్వల’ కూడా అదేనా?

జవాబు:

పాఠం సంగతి ముందు చూద్దామండి. ‘నేకాకృతి’ అంటే నాలుగో పాదంలో నే–నే యతి నేరుగా కుదురుతుంది. ఆ పాఠం నిలవడానికి కారణం బహుశా అదే. కానీ ఆ నకారం ఎక్కడిది? ‘ఎవ్వఁడు’ కళ (చివర నకారం చేరని మాట), దాని మీద ద్రుతం (ఆ నకారం) రాదు. ‘ఎవ్వఁడున్’ అని సముచ్చయం (‘కూడా’ అనే అర్థం) తెచ్చుకుంటే ‘ఎవడూ’ అనే అర్థం వచ్చి వాక్యమే చెడుతుంది. ‘ఎవ్వండు + ఏకాకృతి’కి ఉకారసంధి చేస్తే ‘ఎవ్వండేకాకృతి’ అవుతుంది. డకారానికి ముందు సున్న ఉంది కనుక బిందుయతి, అంటే ‘ండ’ను ణకారంగా లెక్కించి యతి చెల్లించడం. ణ–నలకు సరసయతి (దగ్గరి ధ్వనుల మధ్య యతి) ఎలాగూ ఉంది. యతి చెడదు, వ్యాకరణమూ చెడదు.

అర్థం వైపు నుంచీ ఇదే సరైనది. తర్వాతి పద్యం ‘నర్తకుని భంగిఁ బెక్కగు మూర్తులతో’ అని మొదలవుతుంది. ఇక్కడ ఒక్క ఆకృతి, అక్కడ పెక్కు మూర్తులు. ‘నేకాకృతి’ని ‘అనేకాకృతి’గా లాగితే ఆ ఎదురెదురు పోతుంది.

చదివేటప్పుడు ఎక్కువగా తప్పేది ‘తుది నలోకంబగు’ దగ్గర. ‘తుదిన – లోకంబగు’ అని విరిస్తే ‘చివరకు లోకమవుతుంది’ అని అర్థం తలకిందులవుతుంది. అది ‘తుదిన్ + అలోకంబు అగు’. ‘కవ్వల’ అనే మాట కూడా లేదు, ‘చీకటికి + అవ్వల’. ‘వెలుఁగు’ ఇక్కడ నామవాచకం కాదు, క్రియ: ఏకాకృతిన్ వెలుఁగున్.

మరొకరు:

సంస్కృత భాగవత మూలం పక్కన పెట్టి చూడండి (అష్టమస్కంధం, 3వ అధ్యాయం, 5వ శ్లోకం): ‘తమస్తదాసీద్ గహనం గభీరం యస్తస్య పారేఽభివిరాజతే విభుః’. ‘గహనం గభీరం తమః’ అనే మూడు మాటలు ‘పెంజీకటి’ అనే ఒక్క సమాసంలో ఒదిగాయి. ‘పారే’ అవ్వల అయింది, ‘అభివిరాజతే’ వెలుఁగు అయింది. ‘అలోకంబు’, ‘ఏకాకృతి’ పోతన చేర్పులు. ‘లోక్’ ధాతువుకు చూడటం అని అర్థం. కాబట్టి అలోకం అంటే లోకం లేనిది, చూపుకు అందనిది కూడా. పురాణాల్లో లోకాలోక పర్వతానికి ఆవల సూర్యకాంతి చేరని చోటు ‘అలోక’మే.

పోగొట్టుకున్నదీ ఒకటుంది. అదే శ్లోకం మొదటి సగంలో లోకాలు, పాలకులు, వాటితో పాటు ‘సర్వహేతుషు’, అంటే కారణాలన్నీ లయమవుతాయి. పోతన అక్కడ ‘లోకస్థులు’ వేశారు. ప్రాస, అనుప్రాస అద్భుతంగా కుదిరాయి గానీ, కార్యంతో పాటు కారణమూ అణగిపోయిందన్న లోతు మాత్రం తెలుగులోకి రాలేదు.

జవాబు (కొనసాగింపు):

ఇక అసలు ప్రశ్న. అతీతం = అతి + ఇతం, దాటి పోయినది. అందులో నడక ఉంది, దాటేవాడు ఉన్నాడు. గీత 14వ అధ్యాయంలో ‘గుణానేతానతీత్య’ అన్నా, ‘గుణాతీతః’ అన్నా ఒకప్పుడు గుణాల్లో ఉండి తర్వాత దాటినవాడి మాట. ‘అవ్వల’లో నడక లేదు, అది చోటు. ఈ పద్యంలోని పురుషుడు చీకటిని దాటి రాలేదు, అతడెప్పుడూ అటువైపే. అందుకే సాధకుడి అనుభవానికి అతీతం, పరతత్త్వానికి అవ్వల లేదా పరం అని వాడితే అర్థం చెదరదు. ‘తమసః పరస్తాత్’, అంటే చీకటికి ఆవల (గీత 8.9, శ్వేతాశ్వతరం 3.8) ఈ రెండోదే. కఠోపనిషత్తు ఇంకా తేటగా వరుస పెట్టింది: ‘అవ్యక్తాత్ పురుషః పరః’, అంటే అవ్యక్తానికి (ఇంకా రూపం తేలని మూలప్రకృతికి) ఆవల పురుషుడు. పోతన పెంజీకటి ఆ అవ్యక్తమే.

మరొకరు:

సాధన వైపు ఒక్క మాట కలుపుతాను, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఆలోచనలు ఆగి అంతా మసకగా, హాయిగా అయ్యేసరికి అదే తురీయమని (మెలకువ, కల, గాఢనిద్రలకు ఆవలి నాలుగో స్థితి అని) అనుకుంటారు. మాండూక్యోపనిషత్తు మీద గౌడపాదుల కారిక (3.35) రెంటినీ విడదీసింది: సుషుప్తిలో (గాఢనిద్రలో) మనసు లయిస్తుంది, నిగ్రహించిన మనసు లయించదు. లయం వచ్చినప్పుడు ఏం చేయాలో 3.44 చెబుతుంది: ‘లయే సంబోధయేచ్చిత్తం’, జారిపోతుంటే మేలుకొలపాలి. చెదిరితే ‘శమయేత్ పునః’, మళ్ళీ నెమ్మదింపజేయాలి. లయాన్ని తురీయమనుకుంటే పెంజీకటి దగ్గరే ఆగినట్టు. పద్యంలో ‘పెం’ దగ్గర పాదం విరుగుతుంది, అయినా అన్వయం ‘అవ్వల’ మీదుగా ‘వెలుఁగు’ దాకా సాగాలి. చదివేటప్పుడు ‘పెంజీకటి’ తర్వాత ఊపిరి తీసుకోకండి, ‘పెంజీకటికవ్వల’ ఒకే ఊపిరిలో పలకండి.