ఎంఎస్‌కు రిటుక్సిమాబ్ చాలదా, ఓక్రెలిజుమాబే కావాలా? పేగు జబ్బు కూడా ఉంటే?

మోడరేటర్_హబ్సిగూడ:
హైదరాబాద్‌లో ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్: ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్ల మధ్య తెగని పంచాయితీ ఇది. ఒక డాక్టరు రిటుక్సిమాబ్ చాలంటారు, ఇంకొకరు ఓక్రెలిజుమాబే వేయించుకోమంటారు. ఖరీదులో తేడా ఎన్నో రెట్లు. క్రోన్స్ లేదా అల్సరేటివ్ కొలైటిస్ (పేగు వాపు జబ్బులు) కూడా ఉంటే ఇంకో చిక్కు. ఆధారాలతో మాట్లాడండి, "మా చుట్టాలకు తగ్గింది" వద్దు.

ఫార్మా_బాచుపల్లి:
రెండూ రోగనిరోధక వ్యవస్థలోని బి కణాల మీదుండే సీడీ20 అనే ప్రొటీన్‌ను పట్టుకుని, ఆ కణాల్ని తగ్గించేవే. స్వీడన్‌లో జరిగిన రిఫండ్-ఎంఎస్ ట్రయల్ (2022)లో రెండేళ్లలో రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) వచ్చింది రిటుక్సిమాబ్ వాళ్లలో 3 శాతానికి, డైమెథైల్ ఫ్యూమరేట్ (నోటితో వేసుకునే ఎంఎస్ మందు) వాళ్లలో 16 శాతానికి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఎంఎస్ కోసం చేర్చిన మూడింటిలో రిటుక్సిమాబ్ ఒకటి. దాని బయోసిమిలర్ (అసలు మందుకు దగ్గరగా ఉండే రూపం) రెడిటక్స్‌ను మన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే తెచ్చింది. ఇంత ఉండగా ఇల్లు అమ్ముకోవడం దేనికండీ?

న్యూరో_రీడర్:
అన్నా, ఫ్యూమరేట్‌ను గెలవడం వేరు, ఓక్రెలిజుమాబ్‌తో సమానం కావడం వేరు. ఎంఎస్‌బేస్, డెన్మార్క్ రిజిస్ట్రీల (రోగుల వివరాలు నమోదు చేసే జాబితాల) రోగుల్ని పోల్చి చూస్తే (జామా న్యూరాలజీ, 2023) ఏడాదికి సగటు రిలాప్స్‌లు రిటుక్సిమాబ్‌తో 0.20, ఓక్రెలిజుమాబ్‌తో 0.09. ప్రైమరీ ప్రోగ్రెసివ్ (మొదటి నుంచీ ఆగకుండా ముదిరే ఎంఎస్) అయితే వాదనే లేదు. ఒరటోరియో ట్రయల్‌లో ఓక్రెలిజుమాబ్ నెగ్గింది, ఒలింపస్ (2009)లో రిటుక్సిమాబ్ మొత్తమ్మీద నెగ్గలేదు.

ఫార్మా_బాచుపల్లి:
ప్రోగ్రెసివ్ సంగతి ఒప్పుకుంటా. కానీ మీరు చెప్పిన మొదటిది రిజిస్ట్రీ పోలిక, రోగుల్ని లాటరీ వేసి పంచిన ట్రయల్ కాదు. పైగా రిటుక్సిమాబ్ మోతాదు ఊరికో తీరు: ఒకచోట 1000 మి.గ్రా., ఇంకోచోట 500.

ఇన్ఫ్యూజన్_సిస్టర్:
ఏ మందైనా సరే, ఎక్కించడంలో తప్పు జరిగితే రెండూ ముప్పే. రిటుక్సిమాబ్‌కు అరగంట ముందు పారాసిటమాల్, యాంటీహిస్టమిన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 100 మి.గ్రా. పడాలి. బీపీ మాత్ర 12 గంటల ముందు నుంచి ఆపాలా అని డాక్టర్ని అడగాలి, ఎక్కుతుంటే బీపీ పడిపోవచ్చు. 500 మి.గ్రా. వయల్‌లో మందు 50 మి.లీ. ఉంటుంది. దాన్ని నార్మల్ సెలైన్‌లో కలిపాక మి.లీ.కి 1 నుంచి 4 మి.గ్రా. ఉండాలి. సంచిని ఊపకూడదు, నురగ కడుతుంది. మెల్లగా తలకిందులు చేస్తే చాలు. మొదటిసారి గంటకు 50 మి.గ్రా.తో మొదలుపెట్టి, అరగంటకోసారి 50 పెంచుతూ 400 దగ్గర ఆగాలి. గొంతు దురద, వణుకు మొదలైతే వెంటనే ఆపి, తగ్గాక సగం వేగంతో ఎక్కించాలి. వార్డు మూసే టైమైందని తొందరపెడితే మాత్రం ఒప్పుకోకండి. ఎండాకాలంలో మందు మీరే తెచ్చుకుంటుంటే 2–8 డిగ్రీల ఐస్ బాక్సులో పెట్టండి, వయల్ ఐస్ ప్యాక్‌కు నేరుగా తగలకూడదు. గడ్డకడితే పారెయ్యడమే.

పేగు_పక్షం:
అసలు గొడవ పేగు దగ్గరుంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎంఎస్ ఉన్నవాళ్లకు క్రోన్స్ కోసం ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ రాయకూడదు. ఇవి టీఎన్ఎఫ్ అనే, వాపు కలిగించే ప్రొటీన్‌ను అడ్డుకునేవి; అలాంటిదే అయిన లెనెర్సెప్ట్ ట్రయల్ (1999)లో ఎంఎస్ రిలాప్స్‌లు పెరిగాయి. నా ఓటు వెడోలిజుమాబ్‌కు, లేదా ఉస్టెకినుమాబ్‌కు. ఉస్టెకినుమాబ్ 2008 ఎంఎస్ ట్రయల్‌లో పనిచెయ్యలేదు గానీ చెడుపూ చెయ్యలేదు. వెడోలిజుమాబ్ పేగుకే పరిమితం, దాంతో ఎంఎస్‌కు ఒరిగేదేమీ లేదు.
సీడీ20 మందులతోనూ కొలైటిస్ (పెద్దపేగు వాపు) రావచ్చు. ఓక్రెలిజుమాబ్ లేబుల్‌లోనే ఆ హెచ్చరిక ఉంది. కాబట్టి మొదటి డోసుకు ముందే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే ప్రొటీన్) చూసి ఆ అంకె రాసిపెట్టుకోవాలి. తర్వాత విరేచనాలు పట్టుకుంటే ముందు సి. డిఫిసిల్ (విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) పరీక్ష, తర్వాత బయాప్సీతో కొలొనోస్కోపీ. "పాత క్రోన్సే" అని స్టెరాయిడ్ పెంచుకుంటూ పోవద్దు.

న్యూరో_రీడర్:
రెండింటికీ ఒకే మందు కావాలంటే నటాలిజుమాబ్ ఉందిగా? అమెరికాలో 2008 నుంచి క్రోన్స్‌కూ అనుమతి ఉంది.

పేగు_పక్షం:
ఉంది, కానీ పీఎంఎల్ (జేసీ వైరస్ వల్ల వచ్చే ప్రమాదకరమైన మెదడు జబ్బు) భయం. జేసీ వైరస్ యాంటీబాడీ పాజిటివ్, రెండేళ్లకు మించిన వాడకం, గతంలో రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ లాంటి మందు: మూడూ కలిస్తే ప్రమాదం బాగా పెరుగుతుంది. పేగు జబ్బువాళ్లలో అజాథయోప్రిన్ వాడనివాళ్లు ఎందరంటారు?

మోడరేటర్_హబ్సిగూడ:
రిటుక్సిమాబ్ ఎంఎస్‌కు ఆఫ్-లేబుల్ (ఆ జబ్బుకు అధికారిక అనుమతి లేని వాడకం) కదా, ఇన్సూరెన్స్ ఇస్తారా? ముందు ఏ పరీక్షలు?

ఫార్మా_బాచుపల్లి:
హెచ్‌బీఎస్ఏజీతోపాటు యాంటీ-హెచ్‌బీసీ (రెండూ హెపటైటిస్ బి రక్త పరీక్షలు) కూడా చేయించాలి, మొదటిది ఒక్కటే చాలదు. దాక్కున్న హెపటైటిస్ బి తిరగబడితే లివర్ పోతుంది. ఐజీజీ (రక్తంలోని రక్షణ యాంటీబాడీ) స్థాయి మొదట్లో ఒకసారి, ఆ తర్వాత ప్రతి డోసుకూ ముందు. లైవ్ టీకాలు (బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసేవి) 4 వారాల ముందే ముగించాలి. ఇన్సూరెన్స్‌కు 2019 ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) మార్గదర్శకాల్లో ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ చికిత్సను (రిటుక్సిమాబ్ లాంటి మందులు) చేర్చారు, కానీ పాలసీలో సబ్-లిమిట్ (ఆ చికిత్సకు ఇచ్చే గరిష్ట మొత్తం) ఉండొచ్చు. ఎందుకు రాస్తున్నారో న్యూరాలజిస్ట్ లెటర్ తీసుకుని ప్రీ-ఆథరైజేషన్‌కు (ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతికి) ముందే జతచెయ్యండి.