సినిమా పాటల రికార్డును ఆల్బం అనవచ్చునా?

నల్లకుంట శ్రోత అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా మేనమామగారు వనస్థలిపురంలోని ఇల్లు ఖాళీ చేస్తూ తన రికార్డు ప్లేయరును, దానితో పాటు నలభై వరకు ఎల్పీ రికార్డులను నాకు అప్పగించారు. అంతవరకు నాకు పాటలు వినడమంటే ఫోనులో నచ్చినది పెట్టుకోవడం, సగంలో విసుగు పుడితే తరువాతి దానికి వెళ్ళిపోవడం. రికార్డుతో ఆ పప్పులు ఉడకవు. ముల్లును ఎత్తి మరో పాట దగ్గర దించడం నాకు చేతకాదు, దించబోతే ఎక్కడ గీత పడుతుందోనన్న భయం ఒకటి. అందుచేత గత ఏడాదిగా దేనినైనా మొదటి నుంచి చివరి వరకు వింటున్నాను. ఆ అలవాటు ఫోనుకు కూడా పాకింది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రోలో కూర్చుంటే ఒక రికార్డు రెండు పక్కలూ దాదాపు పూర్తవుతాయి.

ఇలా విన్న తరువాత నాకు ఏర్పడిన కొలబద్ద ఒకటి ఉంది: పాటల వరుస మారిస్తే ఏదో ఒకటి పోవాలి, అప్పుడే అది ఆల్బం. హిందుస్తానీలో 1967 నాటి ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ ఇందుకు చక్కని ఉదాహరణ. శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారు కలిసి కాశ్మీరు లోయలోని ఒక గొర్రెల కాపరి దినచర్యను రాగాలలో చెబుతాయి. అహీర్ భైరవ్‌తో తెల్లవారుతుంది, పహాడీతో రాత్రి పడుతుంది. పొరపాటున రెండో పక్క ముందు పెడితే పొద్దు పడమట పొడిచినట్లే. రాక్ సంగీతంలో పింక్ ఫ్లాయిడ్ వారి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ (1973), జాజ్‌లో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ (1959) కూడా నా లెక్కలో ఈ వరుసలోనివే. అయితే జాజ్ నాకు ఇంకా సగమే అర్థమవుతోంది, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో పట్టు చిక్కడం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పోయిన ఆదివారం మా ఇంట్లో ‘శంకరాభరణం’ రికార్డు పెట్టి, ఇది తెలుగులో వచ్చిన గొప్ప ఆల్బం అన్నాను. మా బావగారు ఒప్పుకోలేదు. సినిమా పాట దేనికది ఒక సన్నివేశం కోసం పుడుతుందని, రికార్డు మీద వరుసను నిర్ణయించేది కంపెనీ వారి సౌకర్యమే తప్ప సంగీత దర్శకుడి ఆలోచన కాదని, కనుక అది పాటల మూటే కాని ఆల్బం కాదని వాదించారు. నా కొలబద్దతో నన్నే కొట్టినట్లయింది. నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

చిక్కడపల్లి వీణ ఇచ్చిన సమాధానం:

శ్రోత గారూ, మీ బావగారి వాదనలో కొంత నిజం ఉంది కాని, తప్పు మీ కొలబద్దలోనే ఉంది. దానిని పట్టుకుంటే మన కర్ణాటక సంగీతపు రికార్డులు చాలావరకు ఆల్బంలు కాకుండా పోతాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు పక్కకు మూడు నిమిషాల చొప్పునే పట్టేది. ఆనాటి విద్వాంసులు రాగచ్ఛాయ, కృతి, నాలుగు స్వరాలు, అన్నీ ఆ మూడు నిమిషాలలోకి కుదించి పాడవలసి వచ్చింది. ఆల్బం అనే మాట ఆ కాలానిదే. అటువంటి రికార్డులు నాలుగైదింటిని ఫొటోల ఆల్బం వంటి అట్టల పుస్తకంలో దోపి అమ్మేవారు. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ఎల్పీని తెచ్చిన తరువాత ఒక్కో పక్కకు ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది, పుస్తకం పోయింది, పేరు మాత్రం నిలిచింది. అంటే ఆ మాటకు మొదటి అర్థం ఒకచోట చేర్చినది అనే తప్ప, వరుస చెడకూడనిది అని కాదు.

ఇక ‘శంకరాభరణం’ను సినిమా సంగతి మరచిపోయి వినండి. సదాశివ బ్రహ్మేంద్రుల ‘మానస సంచరరే’, మైసూరు వాసుదేవాచార్యుల ‘బ్రోచేవారెవరురా’, రామదాసు కీర్తనలు రెండు, కాళిదాసు పేరిట ప్రసిద్ధమైన శ్యామలా దండకంలోని ‘మాణిక్యవీణాం’ అందులో ఉన్నాయి. వాటి నడుమ, త్యాగరాజ కృతుల తొలి మాటలను ఎత్తుకొని వేటూరి కొత్తగా అల్లిన ‘సామజవరగమనా’, ‘దొరకునా ఇటువంటి సేవ’ ఉన్నాయి. త్యాగరాజు మొదటిదానిని హిందోళంలో, రెండవదానిని బిలహరిలో చేశారు. సంగీత దర్శకుడు మహదేవన్ గారు మాటలు మారినా రాగాలను మార్చలేదు. తెలిసినవారికి పాత కృతి లోపల వినిపిస్తూనే ఉంటుంది, తెలియనివారికి కొత్త పాటగా నచ్చుతుంది. ఇన్ని కాలాల రచనలు ఒక మనిషి పాడుకున్న పాటలలాగా అతుక్కున్నాయంటే, అది మూట కట్టినవాడి చలవ కాదు. పైగా అవి పాడిన బాలసుబ్రహ్మణ్యం గారు గురువు దగ్గర శాస్త్రీయ సంగీతం అభ్యసించినవారు కారు. ఆయనకు, వాణీ జయరాం గారికి ఆ సినిమాకే జాతీయ పురస్కారాలు వచ్చాయి. నాకున్న అభ్యంతరం ఒక్కటే. కచేరీలో ఒక్క వయొలిన్ గాయకుడి వెంట నడుస్తుంది, ఇక్కడ మాత్రం వయొలిన్ల గుంపు అప్పుడప్పుడు ఆయనకంటే ముందు పరుగెత్తుతుంది.

(రామదాసు మన గోల్కొండ చెరలో ఉండి పాడినవాడు కనుక, ఆ రెండు కీర్తనలూ హైదరాబాదు వారికి ఊరి పాటలే అని నేను మా పిల్లలకు చెబుతూ ఉంటాను.)

జాజ్ పట్టు చిక్కడం లేదన్నారు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని మొదటి రచన ‘సో వాట్’ను ఈసారి శ్రుతిపెట్టె (ఆధార స్వరాన్ని ఆపకుండా మోగించే పెట్టె) దగ్గర పెట్టుకొని వినండి. వారు డోరియన్ అని పిలిచే స్వరక్రమం మన ఖరహరప్రియ మేళమే. రెండు శ్రుతిలో (వారి లెక్కలో డి) పదహారు బార్లు, అంటే నాలుగేసి దెబ్బల కొలతలు, నడిచి, ఒక్కసారిగా రెండున్నర శ్రుతికి ఎక్కి ఎనిమిది బార్లు ఉండి, మళ్ళీ రెండుకు దిగి ఎనిమిది బార్లు నడుస్తుంది. ముప్పైరెండు బార్ల ఆ చుట్టు పూర్తయితే మళ్ళీ మొదటికి వస్తారు, మృదంగం ఒంటరిగా మోగే మన తనియావర్తనంలో తాళం తిరిగినట్లు. దీనిని గ్రహభేదంగా పొరబడకండి. గ్రహభేదంలో స్వరాలు అవే ఉండి ఆధారం జరుగుతుంది, ఇక్కడ ఆధార షడ్జమంతో సహా రాగమంతా ఒక స్వరస్థానం పైకి లేస్తుంది. మన కచేరీలో ఒకే ఆధార స్వరాన్ని పట్టి ఉంచే తంబురా ఉన్నంతసేపు అది చేయలేని పని. వాళ్ళకు తంబురా లేదు, అదీ సంగతి. ఆ ఎక్కే క్షణం చెవికి అందితే మిగిలినదంతా మనోధర్మమే, అప్పటికప్పుడు అల్లే కల్పనే.

కూకట్‌పల్లి డ్రమ్ములు ఇచ్చిన సమాధానం:

వీణ గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కాని, వరుసకు విలువ లేదన్న ధ్వనిని మాత్రం ఒప్పుకోలేను. ‘డార్క్ సైడ్’ గుండె చప్పుడుతో మొదలవుతుంది, గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. నిజానికి అది గుండె కాదు, వారి డ్రమ్మరు నిక్ మేసన్ బేస్ డ్రమ్మును మెత్తబరచి తీసిన శబ్దం. నేను ఆ శబ్దం కోసం మా బేస్ డ్రమ్ములో పాత దుప్పటి, రెండు దిండ్లు కుక్కి ప్రయత్నించాను. దెబ్బ కొంత దగ్గరగా వచ్చింది కాని, రెండు దెబ్బల మధ్య ఎంత విరామం ఉంటే గుండెలా వినిపిస్తుందో పట్టుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. కాస్త తొందరైతే గడియారం అవుతుంది, కాస్త ఆలస్యమైతే ఎవరో తలుపు తట్టినట్లు ఉంటుంది.

ఇప్పుడు ‘గీతాంజలి’ (1989) తీసుకోండి. ‘ఓం నమః’ పాటలో ఇళయరాజా గారు లయగా వాడినది గుండె చప్పుడునే. నాయికా నాయకులిద్దరికీ ఆయువు తక్కువని తెలిసిన కథలో, ప్రేమ పాటకు తాళంగా గుండెను పెట్టడం ఎంత సాహసమో ఆలోచించండి. అది ఎప్పుడైనా ఆగవచ్చునని వినేవాడికి తెలుసు. పింక్ ఫ్లాయిడ్ వారు ఆ చప్పుడును ఆల్బంకు రెండు చివరల కాపలా పెట్టారు, ఇళయరాజా గారు ఒకే పాటలో పెట్టి ఊరుకున్నారు. శ్రోత గారి బావగారికి నా జవాబు ఇదే: సినిమా రికార్డులో పాటలను కలిపే దారం రికార్డు మీద కనిపించదు, అది కథలో ఉంటుంది. సినిమా చూసినవాడికి ‘గీతాంజలి’ ఆల్బం, చూడనివాడికి మంచి పాటల మూట. ‘శివ’ సినిమా పాటలు నాకు ఎంత ఇష్టమైనా, సినిమా చూసిన తరువాత కూడా నాకు మూటగానే మిగిలాయి. అంటే ప్రతి సినిమా రికార్డుకూ ఆ గౌరవం దక్కదు.

మరొక్క మాట. ‘డార్క్ సైడ్’ మొదటి పక్క చివర క్లేర్ టోరీ మాటలు లేకుండా పాడిన ఘట్టాన్ని వీణ గారు తప్పక వినాలి. ఆలాపన అనే మాట తెలియని దేశంలో ఒక గాయని చేసిన ఆలాపన అది. ఆ రోజు ఆమెకు ముట్టినది 30 పౌండ్లు, రచనలో భాగస్వామ్యం కోసం 2004లో న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చింది. ఆ ఘట్టం ముగియగానే ఎల్పీలో మనం లేచి రికార్డు తిరగవేయాలి. ఆ అర నిమిషపు నిశ్శబ్దం తరువాత నాణేల మోతతో రెండో పక్క మొదలవుతుంది. ఫోనులో వినేవారికి ఆ నిశ్శబ్దం దొరకదు, నా దృష్టిలో అది కూడా ఆల్బంలో భాగమే.

శాలిబండ సమా ఇచ్చిన సమాధానం:

నేను ఈ చర్చలో వేరే పక్షం. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఉర్సు నాడు ఖవ్వాలీ విన్నవారెవరికైనా ఆల్బం అనే ఆలోచనే చిన్నదిగా తోస్తుంది. అక్కడ వరుసను నిర్ణయించేది పాడేవారు కాదు, వినేవారు. ఒక పాదం ఎవరినైనా కదిలిస్తే ఖవ్వాలు ఆ పాదం దగ్గరే ఆగి, అతను తేరుకునే దాకా దానినే తిప్పి తిప్పి పాడతాడు. ఇరవై నిమిషాల పక్కలో అది ఇమడదు. అందుకే నుస్రత్ ఫతే అలీ ఖాన్ 1990లో గిటారు వాయించే మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘మస్త్ మస్త్’ను నేను ఖవ్వాలీగా వినను. చిన్న చిన్న రచనలు, గిటార్లు, సర్‌గమ్ (స్వరాలు పాడే) విసుర్లు, అంతా స్టూడియోలో కట్టినది. దానిని ఆల్బంగా వింటే చాలా బాగుంటుంది. సమాగా, అంటే దర్గాలో భక్తితో వినే ఖవ్వాలీ సభగా వింటే, బిర్యానీని చెంచాతో రుచి చూసి వెళ్ళిపోయినట్లు ఉంటుంది.

నల్లకుంట శ్రోత తిరిగి రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. డ్రమ్ములు గారి వాదన మా బావగారికి చదివి వినిపించాను. ‘గీతాంజలి’కి తల ఊపారు, ‘శంకరాభరణం’ను మాత్రం ఇంకా కచేరీ అంటున్నారే కాని ఆల్బం అనడం లేదు. అది ఓటమికి దగ్గరే అని నేను అనుకుంటున్నాను. ‘డార్క్ సైడ్’ ఎల్పీ మామయ్యగారిది కాదు, కోఠిలో ఒక దుకాణంలో పాతది కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే అంచు వంగి ఉంది, ఎండలో పెట్టి అమ్మినట్లున్నారు, వెనక్కి తీసుకోము అన్నారు. రికార్డు బయటి అంచు నుంచే మొదలవుతుంది కనుక, నా ప్రతిలో మొదటి గుండె చప్పుడు తడబడుతుంది, చివరిది మాత్రం నిబ్బరంగా ఉంటుంది.

వీణ గారూ, మీరు చెప్పినట్లే శ్రుతిపెట్టెను రెండు శ్రుతిలో పెట్టి ‘సో వాట్’ విన్నాను. ఎనిమిది బార్ల కోసం పైకి ఎక్కడం ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది, మూడో చుట్టు వచ్చేసరికి ముందే ఎదురుచూడడం కూడా అలవాటయింది. కాని ఒక చిక్కు వచ్చింది. పెట్టెకూ రికార్డుకూ శ్రుతి కలవలేదు, రికార్డు వెంట్రుకవాసి పైన పలుకుతోంది. ప్లేయరు వేగంగా తిరుగుతోందేమోనని రెండో పక్క తిప్పి, పెట్టెను అయిదు శ్రుతికి మార్చి ‘ఆల్ బ్లూస్’ పెట్టాను. అది అతికినట్లు కలిసింది. అంటే తప్పు ప్లేయరుది కాదు.

కారణం వెదికితే తెలిసినది ఇది. మొదటి పక్కలోని మూడు రచనలనూ న్యూయార్కులోని ఒక స్టూడియోలో 1959 మార్చి 2న రికార్డు చేశారు. ఆ రోజు ప్రధాన టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరిగింది, అందువల్ల సరైన వేగంతో తిరిగి వినిపించినప్పుడు సంగీతం త్వరగా నడిచి శ్రుతి పెరిగింది. రెండో పక్కను ఏప్రిల్ 22న చేశారు, దానికి ఆ దోషం లేదు. అదనపు రక్షణ కోసం నడిపిన మరో యంత్రంలోని టేపుతో ఈ పొరపాటును 1992లో సరిచేశారు. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ తన బాఖ్ ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ను 1955లో, మళ్ళీ 1981లో రికార్డు చేసినది కూడా ఒకప్పుడు చర్చిగా ఉన్న ఆ స్టూడియోలోనే. మొదటిది 38 నిమిషాలు, రెండవది 51 నిమిషాలు, కాని ఆ తేడా యంత్రానిది కాదు, ఆయన వయసుది. నాకు రెండవదే ఇష్టం.

మామయ్యగారి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అట్ట మీద ముద్రించిన సంవత్సరం చెరిగిపోయింది. అది 1992కు ముందుదని శ్రుతిపెట్టె చెప్పింది. ఆయనకు ఫోను చేసి చెబితే, ముప్పై ఏళ్ళు ఆ శ్రుతిలోనే విన్నానని, సరిచేసినది తనకు వద్దని అన్నారు. నేను పెట్టెలోని మరను కొద్దిగా తిప్పి, రెండుకు వెంట్రుకవాసి పైన నిలబెట్టి మళ్ళీ విన్నాను.