సారేమా దీవి (ఎస్టోనియా): అమ్మానాన్నలతో మూడు రోజులు, పాత కట్టడాల్లో ఏవి చూడాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. నేను తాలిన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జూన్ చివర్లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. తాలిన్ పాత ఊరు ఎలాగూ చూపిస్తాను, అది ఇంటి పక్కనే. కానీ నాన్న ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఎక్కడికి వెళ్ళినా ముందు గోడ మీద చెయ్యి పెట్టి ఇది ఏ రాయి, ఎక్కణ్ణుంచి తెచ్చారు, సున్నంతో కట్టారా, పైకప్పు బరువు దేని మీద ఆగింది అని అడుగుతారు. అలాంటి మనిషిని షాపింగ్ మాల్‌కి తీసుకెళ్ళి ఏం లాభం? అందుకే మూడు రోజులు సారేమా దీవికి వెళ్దామనుకుంటున్నాం.

నెట్‌లో ఎక్కడ చూసినా కురెస్సారే కోట, ఆంగ్లా గాలిమరలు, కాలి ఉల్కాపాతపు గుంట, ఈ మూడే చెప్తున్నారు. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేసే ప్లాన్‌లు. మాకు అంత తొందర లేదు, కారు ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కువుంటే కష్టం. ఇద్దరూ శాకాహారులు. పల్లెల్లో ఉండే పాత చర్చిలు, ఇళ్ళు, కోటలు, వీటిలో నిజంగా ఆగి చూడాల్సినవి ఏవి, ఏ వరసలో చూడాలి? వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి ప్లీజ్.

రాతిబాట:

మీ నాన్నగారి కోసమే ఉన్న దీవి అండీ అది. నేను ఒక్కటే చెప్తాను, మిగతావన్నీ మీరు సర్దుకోవచ్చు: కోటతో మొదలుపెట్టకండి, కోటని చివరికి ఉంచండి. అందరూ ఫెర్రీ దిగగానే నేరుగా కురెస్సారే వెళ్ళిపోతారు, మధ్యలో 70 కిలోమీటర్లకు పైగా ఉన్న దారిని దాటేస్తారు. నిజానికి ఆ దారి పక్కన ఉన్నవాటిని వరసగా చూస్తూ పోతే ఆ దీవి చరిత్ర దాదాపు జరిగిన వరసలోనే కనిపిస్తుంది.

విర్త్సులో ఫెర్రీ ఎక్కితే అరగంటలోపే ముహు దీవిలో కుయివాస్తు రేవులో దిగుతారు. 1227 జనవరిలో క్రైస్తవ సైన్యాలు ఇదే సముద్రం గడ్డకట్టి ఉండగా మంచు మీద నడిచి వచ్చాయి. ఎస్టోనియాలో అప్పటికి లొంగకుండా మిగిలింది ఈ దీవుల వాళ్ళే. ముహు మట్టికోట పడిపోయింది, తర్వాత వల్యాలా కోట లొంగిపోయింది. ముహు కోట కట్ట ఇప్పటికీ రోడ్డు పక్కనే ఉంది, తెలియకపోతే ఏదో దిబ్బ అనుకుని వెళ్ళిపోతాం. అక్కడ కాసేపు ఆగండి, మిగతా అంతా దాని తర్వాతి కథే.

అక్కణ్ణుంచి సముద్రం మీద వేసిన కట్ట దాటి సారేమాలోకి వెళ్తారు. ఆ రోడ్డు కట్ట 1896లో పూర్తయింది, మూడు కిలోమీటర్లు దాటి ఉంటుంది, నీళ్ళ మధ్య రాళ్ళు పోసి వేసిన పని. ఇరిగేషన్ మనిషికి అది కూడా చూడదగ్గ కట్టడమే, కారు దూరంగా ఆపి వెనక్కి తిరిగి చూడమనండి.

తర్వాత వల్యాలా. ఎస్టోనియాలో ఇప్పటిదాకా నిలిచి ఉన్న రాతి చర్చిల్లో అన్నిటికన్నా పాతది ఇదేనంటారు, 1227లో దీవి లొంగిన వెంటనే మొదలైంది. గెలిచిన వాళ్ళకి ముందు కావలసింది అదే కదా, జనాన్ని మతంలో కలపడానికి ఒక గట్టి కట్టడం. లోపల 13వ శతాబ్దపు జ్ఞానస్నానపు తొట్టి ఉంది, చుట్టూ తీగలూ ఆకులూ చెక్కారు. లొంగిపోయిన వాళ్ళ పాత మట్టికోట కూడా ఆ దగ్గర్లోనే ఉంది, గుండ్రటి ఎత్తైన కట్ట, లోపల గడ్డి. రెండూ ఒకే పూటలో చూడాలి, విడివిడిగా చూస్తే దేని విలువా పూర్తిగా తెలియదు.

రెండో రోజు ఉత్తరం వైపు కార్యా వెళ్ళండి. చిన్న చర్చి, దానికి గోపురం కూడా లేదు, బయటి నుంచి చూస్తే ధాన్యపు గిడ్డంగిలా ఉంటుంది. లోపలికి వెళ్తే మాత్రం దీవి మొత్తంలో ఇంత శిల్పం ఇంకే పల్లె చర్చిలోనూ లేదు. స్తంభాల తలల మీద, కమాన్లు మొదలయ్యే చోట మనుషులు, ఆకులు, సెయింట్ క్యాథరిన్ కథ, తుఫానులో చిక్కిన ఓడను కాపాడుతున్న సెయింట్ నికొలస్. సముద్రం మీద బతికే వాళ్ళు ఆయన్ని ఎందుకు కోరుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. బయటి గోడ మీద శిలువ దృశ్యం తప్పకుండా చూడండి, ఏసుకి రెండు వైపులా ఉన్న ఇద్దరు దొంగల ప్రాణాలు నోట్లోంచి బయటికి వస్తున్నట్టు చెక్కారు, మంచివాడి ప్రాణాన్ని దేవదూత అందుకుంటాడు, రెండోవాడిది దెయ్యం పట్టుకుంటుంది. పైకప్పు మీద ఐదు కోణాల నక్షత్రం లాంటి వింత గుర్తులు గీసి ఉన్నాయి, చర్చిలో అవి ఎందుకున్నాయని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ శిల్పమంతా దీవిలో దొరికే డోలమైట్. సున్నపురాయికి దగ్గరి జాతి, బూడిదరంగులో ఉంటుంది, ఉలికి బాగా లొంగుతుంది. కార్మా దగ్గర దాని గనులున్నాయి. నాన్నగారు గోడ మీద చెయ్యి పెట్టి అడిగే మొదటి ప్రశ్నకి జవాబు దీవి అంతటా ఇదే.

తార్తు_తమ్ముడు:

రాతిబాట అన్న చెప్పింది బాగుంది కానీ నాది వేరే మాట. అరవై దాటిన ఇద్దరిని వరసగా చర్చి తర్వాత చర్చి తిప్పితే రెండో రోజు మధ్యాహ్నానికి అమ్మగారికి ఓపిక అయిపోతుంది. మధ్యలో జనం బతికిన ఇళ్ళు కూడా పెట్టండి.

ముహులోనే కోగువా అనే ఊరు ఉంది, పెద్ద రోడ్డు మీంచి కాస్త లోపలికి. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన ప్రహరీలు, వాటి నిండా నాచు, రెల్లు కప్పిన చెక్క ఇళ్ళు, నీళ్ళు తోడే ఏతాం ఉన్న బావులు. కొంత భాగం మ్యూజియం, మిగతా ఇళ్ళలో మనుషులు ఉంటున్నారు, కాబట్టి తెరిచి ఉంది కదా అని ప్రతి గేటులోకీ వెళ్ళిపోవద్దు. నేల దాదాపు చదునుగా ఉంటుంది, మెట్లు లేవు, అమ్మగారు హాయిగా నడుస్తారు. ముహు ఆడవాళ్ళ ఎంబ్రాయిడరీ, రంగుల చారల లంగాలు కూడా అక్కడ చూడొచ్చు, కుట్టుపని తెలిసిన వాళ్ళయితే ఆ ఒక్క గదిలోనే గంట గడిచిపోతుంది.

గాలిమరల గురించి కూడా చెప్పాలి. ఆంగ్లా కార్యా చర్చికి బాగా దగ్గర, రెండూ ఒకే పూటలో అయిపోతాయి. అక్కడ ఐదు గాలిమరలున్నాయి. నాలుగు సారేమా పద్ధతివి, మధ్యలో పాతిన ఒకే మాను మీద గది మొత్తం నిలబడుతుంది, గాలి ఎటు మళ్ళితే అటు వెనక ఉన్న పొడవాటి దూలం పట్టుకుని మర మొత్తాన్ని మనుషులే తిప్పేవాళ్ళు. ఐదోది 1927లో కట్టిన డచ్ రకం, అందులో పైనున్న టోపీ ఒక్కటే తిరుగుతుంది. ఈ రెండు పద్ధతుల తేడా పక్కపక్కనే కనిపించడం వల్లే అక్కడికి వెళ్ళాలి, ఫొటో కోసం మాత్రమే అయితే నాకు అంత గొప్పగా అనిపించలేదు. లోపలికి ఎక్కేది నిలువు నిచ్చెన, అమ్మగారిని ఎక్కించొద్దు.

కాలి గుంట పది నిమిషాల పని అనుకోకండి. 110 మీటర్ల వెడల్పు, ఉల్క పడి ఏర్పడిందని 1937లో ఇనుప ముక్కలు దొరికాకే రుజువైంది. కట్టడం కాదు గానీ చుట్టూ ఒకప్పుడు రాతి గోడ ఉండేదని తవ్వకాల్లో బయటపడింది, అంటే పాతకాలం వాళ్ళకి అది మామూలు చెరువు కాదు.

గోదారిగట్టు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. కోగువా గురించి అసలు తెలియదు, అమ్మకి కుట్టుపని ప్రాణం. రెండు సందేహాలు. ఈ పల్లె చర్చిలు తెరిచే ఉంటాయా? ఇంకోటి, కోటలో మెట్ల సంగతి ఏంటి? అమ్మని బయట కూర్చోబెట్టాల్సి వస్తుందా?

బాల్టిక్_బాటసారి:

వేసవిలో చాలావరకు పగటి పూట తెరుస్తారు, ఎవరో ఒకరు లోపల కూర్చుని ఉంటారు. చలికాలంలో అయితే తాళమే. ఆదివారం పొద్దున ప్రార్థన జరుగుతూ ఉండొచ్చు, అప్పుడు కెమెరా తీయకుండా ఆగండి. మీరు జూన్ చివర్లో వెళ్తున్నారు కాబట్టి రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది, చర్చిలు పగలు చూసేసి, బయటి నుంచి చూసేవన్నీ సాయంత్రానికి పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త, జూన్ 23, 24 వాళ్ళ పెద్ద పండగ, దేశమంతా పల్లెలకు కదులుతుంది, ఫెర్రీ టికెట్ ముందే బుక్ చేయకపోతే రేవులో గంటల తరబడి క్యూ.

ఇంకో చోటు ఎవరూ చెప్పలేదు, పోయిదే. నా దృష్టిలో దీవిలో మనసుని పట్టి ఆపేసే చర్చి అదే. గోడలు మందంగా, కోటలా ఉంటుంది, నిజంగానే లివోనియన్ ఆర్డర్ అనే సైనిక మతసంఘం వాళ్ళ కోట దాన్ని ఆనుకుని ఉండేది. 1343లో ఎస్టోనియన్లు తిరగబడ్డారు, ఏప్రిల్‌లో పెద్ద నేల మీద మొదలైంది, జులైలో సారేమా లేచింది. పోయిదే కోటను చుట్టుముట్టారు, ప్రాణాలతో వదిలేస్తామని మాటిస్తే లోపలి వాళ్ళు బయటికొచ్చారు, వచ్చాక వాళ్ళందర్నీ రాళ్ళతో చంపేశారు. మరుసటి ఏడాది ఆర్డర్ సైన్యం మళ్ళీ మంచు మీద నుంచి వచ్చి అంతకంత తీర్చుకుంది, నాయకుడు వెస్సేని చంపేసింది. ఆ తర్వాత శిక్షగా ఆ దీవి జనం చేతే కొత్త కోట కట్టించారు, మాసిలిన్ అని, 1576లో పేల్చేశారు, ఒరిస్సారే ఊరికి ఉత్తరంగా సముద్రపు ఒడ్డున శిథిలాలున్నాయి. ఇన్ని శతాబ్దాలు నిలబడ్డ పోయిదే చర్చి మీద 1940లో పిడుగు పడి తగలబడింది, సోవియట్ కాలంలో పట్టించుకున్న వాళ్ళు లేరు. లోపల ఇప్పటికీ ఖాళీగా, చల్లగా ఉంటుంది. రంగులు వేసి సింగారించకపోవడం వల్లే గోడ ఎలా కట్టారో రాయి రాయి తెలుస్తుంది, కాబట్టి మీ నాన్నగారికి కార్యా కన్నా ఇదే ఎక్కువ నచ్చొచ్చు.

కోట విషయం: కురెస్సారే కోటలో పై అంతస్తులకి ఇరుకు మెట్లు, అమ్మగారికి కష్టమే. కానీ బయట కూర్చోబెట్టాల్సిన పని లేదు. చుట్టూ అగడ్తలో నీళ్ళు, పక్కనే పెద్ద చెట్ల పార్కు, 1889 నాటి చెక్క కుర్‌సాల్ (ఆరోగ్య స్నానాలకు వచ్చేవాళ్ళు కాలక్షేపానికి కూడే) భవనం, అదంతా నెమ్మదిగా తిరగడానికే ఒక సాయంత్రం కావాలి. నాన్నగారు లోపలికి వెళ్ళాలి. 14వ శతాబ్దంలో ఇక్కడి బిషప్ కోసం కట్టిన చదరపు కోట, బాల్టిక్ దేశాల్లో మధ్యయుగపు రూపం ఇంత చెడకుండా మిగిలింది వేరే లేదంటారు. రెండు బురుజుల్లో సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని చూడమనండి, మిగతా కోటకీ దానికీ మధ్య లోతైన ఖాళీ వదిలి ఎత్తి దించే వంతెన పెట్టారు, కోట మొత్తం పడిపోయినా చివరికి అందులో తలుపేసుకుని నిలబడటానికి. 1559లో బిషప్ తన రాజ్యాన్నే డెన్మార్క్ రాజుకి అమ్మేశాడు, 1645లో స్వీడన్ చేతికి, 1710లో రష్యా చేతికి వెళ్ళింది. ఇప్పుడు మ్యూజియం. 1941లో ముందు సోవియట్ వాళ్ళు, తర్వాత నాజీలు ఈ కోట ఆవరణలోనే జనాన్ని చంపారు. పిక్నిక్ చోటులా మాత్రమే చూసి రాకండి.

రాతిబాట:

పోయిదే సంగతి బాగా గుర్తుచేశారు. అయితే నా వరస ఇలా మారుతుంది: మొదటి రోజు కోగువా, ముహు మట్టికోట, కట్ట దాటాక పోయిదే, వల్యాలా, రాత్రికి కురెస్సారే. రెండో రోజు కాలి, కార్యా, ఆంగ్లా. మూడో రోజు పొద్దున కోట. టైం మిగిలితే పడమర వైపు కిహెల్కొన్నాలో 1638 నాటి గంట గోపురం చర్చికి దూరంగా చిన్న గుట్ట మీద విడిగా ఉంటుంది, దాన్ని చూసి తిరుగు ఫెర్రీకి వెళ్ళిపోవచ్చు. సోర్వే లైట్‌హౌస్ వైపు ఈసారికి వద్దు, దూరం ఎక్కువ, అది 1960లో కట్టింది.

తార్తు_తమ్ముడు:

తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. పల్లె హోటళ్ళలో శాకాహారం అంటే బంగాళాదుంప, పుట్టగొడుగులు, రై బ్రెడ్, ఇంతే. సూపుల్లో మాంసం ఉడికించిన నీళ్ళు ఉండొచ్చు, అడగకుండా తినిపించొద్దు. వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ తీసుకోండి, బియ్యం, కందిపప్పు, పచ్చడి, చిన్న కుక్కర్ తాలిన్ నుంచే పట్టుకెళ్ళండి. కూరగాయలు కురెస్సారే సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. మధ్యాహ్నానికి పులిహోర కలుపుకుని బయల్దేరితే కార్యా వైపు హోటల్ వెతుక్కునే టెన్షన్ ఉండదు.

గోదారిగట్టు:

ఈ వరస ప్రింట్ తీసి నాన్నకి పంపాను, అప్పుడే ఫోన్ చేసి ఆ గాలిమర మాను ఏ చెట్టుదని అడుగుతున్నారు. తెలిసిన వాళ్ళుంటే చెప్పండి. ఫెర్రీ పండగ దాటాక 27కి బుక్ చేశాను.